ఎవని నెత్తురు పోతున్నదో వాడు ముందు

మా మేనత్త పోయిందన్న మాట తాండూరు నుంచి వచ్చిన పాసింజరు బండి గార్డు నాకు చెప్పాడు. వికారాబాదు జంక్షన్‌లో బండి ఆగిన కాసేపట్లోనే మా బడి దాకా పరుగున వచ్చి, తరగతి గుమ్మం బయట టోపీ తీసి నిలబడ్డాడు. ఆయన మాకు చుట్టం కాడు. ఒకప్పుడు బండలు తవ్వే గనిలో దెబ్బ తగిలిన ఆయన తమ్ముణ్ణి మా మేనత్త లారీ ఎక్కించింది. ఆ సంబంధమే.

"అమ్మ పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగిందట. మళ్ల లేవలే," అన్నాడు.

పిల్లలు నా మొహం వైపు చూస్తున్నారు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి, వాళ్ళను పక్క తరగతి పంతులమ్మకు అప్పజెప్పి, తాండూరు వైపు పోయే మొదటి బండి ఎక్కాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతస్వభావులనీ, చీమకైనా హాని చేయలేదనీ రాయడం వాడుక. మా మేనత్త గురించి అట్లా రాస్తే తాండూరులో నవ్వుతారు. ఆమె చెయ్యి తొందరగా లేచేది. గొంతు లేచిందంటే గని అడుగున ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు. మనుషులను కొట్టింది, లారీ అద్దాలు పగలగొట్టింది, సొంత మరిది భుజం విరగ్గొట్టింది. ఇవన్నీ నాకు తెలిసీ, ఆమెకు రుణపడి ఉన్నాననే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమెను ధారూరుకూ తాండూరుకూ నడుమ ఉన్న ఒక పల్లెకు ఇచ్చారు. నల్లరేగడి నేల, జొన్నలు, కందులు. మామ మాట తక్కువ మనిషి. నలభై ఎనిమిదిలో, ఎండలు ముదరక ముందు, పొద్దున పూట కళ్లంలో జొన్నలు తూర్పార పడుతుండగా తుపాకులు పట్టుకున్న గుంపు ఒకటి ఊరి మీద పడింది. అంతకుముందు వాళ్ళు ధాన్యం అడిగితే మామ ఇవ్వనన్నాడు. కళ్లానికి తోవ చూపించినవాడు ఆ ఊరివాడే. ఇద్దరు పాలేర్లను అక్కడికక్కడే కత్తులతో నరికారు. ఒకడు జొన్నకుప్ప మీదే పడి చనిపోయాడు. మామ తొడలో గుండు దిగింది. ధాన్యం బండ్లకెత్తుకొని వాళ్ళు వెళ్ళిపోయారు.

అత్తమ్మ తన చీర కొంగు చించి తొడకు బిగించి కట్టింది. ఎద్దుల బండిలో గడ్డి పరిచి, ఆయన్ని పడుకోబెట్టి తాండూరుకు తోలించింది. అక్కడ దవాఖానాకు తాళం వేసి ఉంది. డాక్టరు ప్రాణభయంతో ఊరు విడిచి పోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు. వికారాబాదులో డాక్టరు ఉన్నాడు, రైలుకు తీసుకుపొమ్మన్నారు. స్టేషనులో ఒక గూడ్సు బండి నిలబడే ఉంది. దాంట్లో ఎక్కించమని ఆమె కాళ్ళు పట్టుకుంటే స్టేషను బాబు హుకుం లేదన్నాడు. పాసింజరు వచ్చేదాకా మామ ప్లాట్‌ఫారం బండల మీదే ఉన్నాడు. రైలు ఎక్కేటప్పటికి మాట్లాడుతూనే ఉన్నాడట. ధారూరులో నీళ్ళడిగాడు. తాగించింది. రైలు ధారూరు దాటాక ఇక ఏమీ అడగలేదు.

కబురు అందగానే మా నాయిన నులకమంచం పట్టించుకొని జంక్షన్‌కు పోయాడు. నేనూ వెంటపడి పోయాను. అప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయేమో. రైలు పెట్టెలో ఆమె మామ తల ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది. చీర ఎండిన నెత్తుటితో అట్ట కట్టి నిలబడి ఉంది. కుడిచెయ్యి ఇంకా ఆయన తొడ మీదనే అదిమి పెట్టి ఉంది. మా నాయిన ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయవలసి వచ్చింది. ఆమె ఏడవలేదు. ప్లాట్‌ఫారం మీదకు దిగాక ఒక్క మాట అంది.

"గుండు సంపలేదన్న. తొవ్వ సంపింది."

డాక్టరు మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉండేవాడు. మాకు జ్వరమొస్తే పిలవగానే వచ్చేవాడు. ఆ రోజు కూడా వచ్చి, గాయం చూసి, ఇది బతకదగిన దెబ్బే అని మా నాయినతో మెల్లగా అన్నాడు. అత్తమ్మ విన్నది. అదే దెబ్బ మా వీధిలో తగిలి ఉంటే మామ బతికేవాడు. పల్లెలో తగిలింది కాబట్టి చచ్చిపోయాడు. ఆ తేడాను ఆమె మిగిలిన బతుకంతా మరిచిపోలేదు, ఇంకొకరిని మరిచిపోనివ్వలేదు.

సైన్యం వచ్చి గొడవలు చల్లారాక అన్నదమ్ముల పంపకాలు జరిగాయి. పిల్లలు లేని వదిన కదా అని తాండూరు దగ్గరి చెలక ఆమె వాటాకు వేశారు. పైన జానెడు మన్ను, కింద అంతా బండ. కొన్నాళ్ళకు ఆ బండకే గిరాకీ వచ్చింది. తాండూరు బండలు ఎక్కడెక్కడి ఇళ్ళలోకో పోతున్న కాలం. ఆమె తాండూరుకు మారి, తన చెలకలో గని తెరిపించింది. పక్కనే మరిది గని.

గని అంటే ఏమిటో దూరాన ఉండి బండల మీద నడిచేవాళ్ళకు తెలియదు. మందు పెట్టి పేలుస్తారు. ఒక్కోసారి మందు అంటుకోదు. ఎందుకు అంటుకోలేదో చూడబోయిన మనిషి ముఖం మీదే పేలుతుంది. పేర్చిన బండలు జారి కాళ్ళ మీద పడతాయి. నేను సెలవులకు పోయినప్పుడల్లా ఏదో ఒక దెబ్బ చూసేదాన్ని. వేళ్ళు లేని చేతులు, చూపు పోయిన కళ్ళు. దెబ్బ తగిలిన మనిషిని నలుగురు మంచం మీద మోసుకొని స్టేషనుకు పోయేవారు. రైలు లేకపోతే కూర్చునేవారు. నేను పుట్టి పెరిగిన వికారాబాదులో రోగులను దవాఖానాకు మోసే సర్కారు వ్యాను ఒకటి అప్పటికే తిరుగుతూ ఉండేది. దాని మోత వినిపిస్తే మా అమ్మ చెయ్యెత్తి దండం పెట్టేది. తాండూరులో అట్లాంటి మోత ఎవరూ వినలేదు.

ఒకసారి మధ్యాహ్నం పూట బండ కూలి ఒక వడ్డెర మనిషి రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద నుజ్జయ్యాయి. బండలు నింపుకొని బయలుదేరబోతున్న ఒక సేటు లారీ అక్కడే ఉంది. ఈ సరుకు దింపివచ్చి తీసుకుపోతానని సేటు అన్నాడు. అత్తమ్మ ఆయనతో వాదించలేదు. చీర బిగించి లారీ ఎక్కింది. గడ్డపారతో ఒక్కొక్క బండనూ కిందికి నెట్టింది. పడ్డ బండ పడ్డట్టు పగులుతోంది. సేటు నెత్తి కొట్టుకున్నాడు. కూలీలు మొదట భయపడి చూశారు, తర్వాత తామూ ఎక్కి నెట్టారు.

"రాయి పలిగితె ఇంకో రాయి తవ్వుకుంటం సేటూ," అంది పైనుంచే. "మనిషిని ఏ గనిల తవ్వుతవు?"

ఆ మనిషి కాళ్ళు పోయాయి కానీ ప్రాణం దక్కింది. నిన్న శవం దగ్గర చేతుల మీద జరుగుతూ వచ్చి కూర్చున్న ముసలివాడు అతనే.

ఆ తర్వాత ఆమె వికారాబాదుకు వచ్చి మా ఇంట్లో దిగింది. పెద్ద ఆఫీసరును కలుస్తానంది. మా నాయిన వెంట పోయాడు, నేను కూడా పోయాను. తాండూరుకు వ్యాను ఇవ్వమని అడిగింది. ఇవ్వలేకపోతే ఉన్న వ్యానునే కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అక్కడ ఉంచమంది. ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. వికారాబాదు పెద్ద ఊరనీ, జంక్షననీ, పెద్దవాళ్ళు వస్తూ పోతూ ఉంటారనీ, తాండూరువాళ్ళు రోగిని ఇక్కడిదాకా తెచ్చుకుంటే ఇక్కడి నుంచి వ్యాను పట్నానికి తీసుకుపోతుందనీ ఓపికగా చెప్పాడు. ఆమె కూడా ఓపికగానే విన్నది.

"ఈడిదాంక రాగల్గినోనికి నీ బండెందుకు సారూ? రాలేనోనికే గద బండి," అంది.

ఆయన దండం పెట్టి మమ్మల్ని పంపేశాడు. వ్యాను ఇవ్వలేదు. బయటికి వచ్చాక మా నాయిన, పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడతారా అని మందలించాడు. మీకు జంక్షన్ ఉంది కాబట్టి నీకట్లా అనిపిస్తుంది అన్నా, అని ఆమె అన్నది. మా నాయిన ఇంటికి పోయేదాకా తల వంచుకునే నడిచాడు.

చివరికి ఆమే గనులవాళ్ళందరి వెంటబడి, మిలటరీవాళ్ళు వదిలించుకున్న ఒక పాత వ్యానును తాండూరుకు తెప్పించింది. లోపల ఒక మంచం బిగించారు, మంచం పక్కన ఒకరు కూర్చునే పీట. పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పేలికలుగా చింపి రేకు డబ్బాలో పెట్టేది. ఆ పని ఎవరికీ అప్పజెప్పేది కాదు. ఇంటికి వచ్చిన చుట్టాలను ముందు చీరలడిగేది, తర్వాత కుశలమడిగేది.

వ్యాను వచ్చిన వారానికే తగాదా మొదలయింది. తాము పూనుకొని తెప్పించింది కాబట్టి ముందు తమ ఇళ్ళ అవసరం చూడాలని గనుల యజమానులు. తాండూరు దాటి పోకూడదని బజారు సేట్లు. కాగ్నా వాగు అవతల, కన్నడం మాట్లాడే ఊళ్ళ నుంచి కానుపు కష్టమైన ఒక ఆడమనిషి కోసం కబురు వస్తే, ఆ ఊళ్ళు మనవి కావు కదా అని అడ్డుపడ్డారు. అత్తమ్మ ఆ వ్యానులో తానే ఎక్కి పోయింది. తిరిగి వచ్చాక అందరినీ పిలిచి ఒకే మాట చెప్పింది. ఎవని నెత్తురు పోతున్నదో వాడు ముందు. ఇల్లు, ఊరు, కులం, భాష ఏదీ అడగొద్దు. కొందరు తలూపారు, కొందరు లేచిపోయారు.

డ్రైవరు ఒకనాడు ఎవరికీ చెప్పకుండా పెళ్ళివారిని వ్యానులో ఎక్కించుకొని పోయాడు. అదే పూట ఒక పిల్లవాడు పాము కరిచి చనిపోయాడు. డ్రైవరు తిరిగి రాగానే బజారు నడుమ అత్తమ్మ అతని చెంప మీద కొట్టిన దెబ్బకు పెదవి చిట్లింది. అతడు తాళం చెవి విసిరేసి పోయాడు. మర్నాడు ఆమే అతని ఇంటికి పోయి గడపలో కూర్చుంది. తప్పైందని తానూ అనలేదు, అతన్నీ అనమనలేదు. అతని భార్య రొట్టె పెడితే తిన్నది. తిన్నాక, బండి కాడికి పోదాం పా, అంది. అతడు లేచి వచ్చాడు. ఇప్పటికీ ఆ వ్యానును నడుపుతున్నది అతడే.

నాకు సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి చదువు, పొలం అడగకుండా, ఆ ఊరికి వానకాలంలో బండి పోతదా అని అడిగేది. కాగ్నా అవతలి ఒక మంచి సంబంధాన్ని ఆ కారణంతోనే చెడగొట్టింది. వాగొస్తే నా బిడ్డ ఆ పక్కన, దవాఖాన ఈ పక్కన అంది. మా అమ్మ ఆరు నెలలు ఆమెతో మాట్లాడలేదు.

ఇక ఆ గని కొట్లాట. పంతొమ్మిది వందల అరవై దాటాక, ఒక దసరా సెలవుల్లో నేను తాండూరులోనే ఉన్నాను. మరిది గనికీ, అవతలి కాంట్రాక్టరు గనికీ నడుమ ఒక గట్టు ఉండేది. గట్టు కింద బండ ఎవరిదన్న మాట పొద్దున మొదలై, ఎండెక్కేసరికి గడ్డపారలు, గొడ్డళ్ళ దాకా వచ్చింది. కేకలు విని నేనూ అత్తమ్మా వ్యానులో పోయాం. మేము చేరేసరికి గని అడుగున మనుషులు మీద పడి కొట్టుకుంటున్నారు. ఒకడి దవడ పగిలి వేలాడుతోంది. ఒకడు తన తెగిన చెవిని చేతిలో పట్టుకొని వెతుకుతున్నట్టు తిరుగుతున్నాడు. పేర్చిన బండలను ఎవరో తోశారు. అవి కూలి మరిది కొడుకు మాణిక్యం కుడి ముంజేతి మీద పడ్డాయి. అతని చెయ్యి బండల కింద ఇరుక్కుంది. ఇరవయ్యేళ్ళ పిల్లవాడు, పెద్దమ్మా, పెద్దమ్మా అని అరుస్తున్నాడు.

ఆ పక్కనే కాంట్రాక్టరు కావలివాడు పడి ఉన్నాడు. చంక కింద గొడ్డలి దెబ్బ. నెత్తురు ఆగి ఆగి ఎగజిమ్ముతోంది. అత్తమ్మ వంగి, పేలికలు కుక్కి, గట్టిగా అదిమి, అప్పుడు అతని ముఖం చూసింది. చూసి ఒక్క క్షణం ఆగింది. నాకు అర్థం కాలేదు. మరిదికి అర్థమయింది.

"వదినా, వాడెవడో ఎర్కేనా నీకు? కళ్లం జూపిచ్చినోడు. మా అన్నను సంపిచ్చినోడు."

"ఎర్కే."

"మరి ఇడిసిపెట్టు. నా కొడుకు చెయ్యి బండ కిందున్నది. బండి ఆగాలె."

బండలు తీయాలంటే చాలా సేపు పడుతుంది. మాణిక్యానికి నొప్పి ఉంది, ప్రాణాపాయం లేదు. రెండోవాడు ఆగితే పోతాడు. ఇది ఆమె ఎవరికీ విప్పి చెప్పలేదు. కావలివాణ్ణి ఎత్తించి వ్యానులో పడుకోబెట్టింది. నన్ను పక్కన కూర్చోబెట్టి, నా రెండు చేతులూ గాయం మీద పెట్టి, ఎట్లా అదమాలో చూపింది. తొల్కపో అని డ్రైవరుకు చెప్పింది.

మరిది గడ్డపార తీసుకొని వ్యానుకు అడ్డంగా నిలబడ్డాడు. ముందర అద్దం మీద కొట్టాడు. అద్దం పగిలి డ్రైవరు ముఖమంతా గాజుపెంకులు. రెండోసారి గడ్డపార ఎత్తేలోపల అత్తమ్మ బండలు కొట్టే సుత్తె అందుకొని ఆయన భుజం మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వ్యానులోకి వినిపించింది. ఆయన కూలబడ్డాడు. ఆమె ఆయన్ని చంకల కింద పట్టి పక్కకు ఈడ్చింది. వ్యాను కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే ఆమె మాణిక్యం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తన రెండు చేతులతో బండ ఎత్తబోతోంది.

వికారాబాదు దాకా దారి పొడుగునా ఆ మనిషి నెత్తురు నా వేళ్ళ సందుల్లోంచి కారింది. ధారూరు దగ్గర కళ్ళు తెరిచాడు.

"నన్నెవలెక్కిచ్చిన్రు?" అన్నాడు.

చెప్పాను. ఎవరి భార్యో కూడా చెప్పాను. అతడు చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత ముఖం వ్యాను రేకు వైపు తిప్పుకున్నాడు.

అతడు బతికాడు. కొట్లాట భయంతో లారీలన్నీ పారిపోవడంతో మాణిక్యాన్ని దవాఖానా చేర్చేసరికి సాయంత్రమయింది. చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు. ముందే తెస్తే చెయ్యి దక్కేదా అని అడిగితే, దక్కేదేమో, చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆ 'ఏమో' దగ్గరే మా కుటుంబం రెండుగా చీలింది. మా వాళ్ళందరూ ఆమెను తప్పుపట్టారు. మా నాయిన కూడా. మొగుణ్ణి చంపించినవాణ్ణి బతికించి, కడుపున పుట్టినంత వాణ్ణి అవిటివాణ్ణి చేసిందన్నారు. ఆమె ప్రతి సోమవారం మరిది ఇంటికి పోయి, లోపలికి పిలవకపోతే బయట అరుగు మీద కాసేపు కూర్చొని వచ్చేది. అట్లా ఎన్నో సోమవారాలు. ఒకరోజు మాణిక్యమే బయటికి వచ్చి పక్కన కూర్చున్నాడట. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. తర్వాత అతడు వ్యాను వెంట తిరగడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తోనే కట్టు కట్టడం నేర్చుకున్నాడు.

కావలివాడు ఒక్కసారైనా వచ్చి మొక్కలేదని నేను కోపంగా అన్నాను.

"ఆడొచ్చి ఏం జేస్తడు బిడ్డా? ఆని కోసం ఎక్కిచ్చిన్నా?"

"మరి ఎవరి కోసం అత్తమ్మా?"

ఆమె చీర పేలికలు మడత పెడుతోంది. ఆ మడత అయ్యాక చెప్పింది.

"గా దినం గూడ్సు బండి ముంగట నేను గిట్లనే నిలబడ్డ. ఈయిన మంచోడా చెడ్డోడా, ఎవలోడు అని అడగకుంట ఎక్కిచ్చుకుంటె ఆయిన బత్కేటోడు. అడగకుంట ఎక్కిచ్చుకునే బండి ఒకటుండాలె గద. అది ఒక్కని కాడ అడిగిందంటె, ఇగ అందరి కాడ అడుగుతది."

మాణిక్యం చెయ్యి గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆమె తిండి మానేసేది. తాను చేసింది సరైనదనీ అనలేదు, తప్పనీ అనలేదు. గొంతు పెద్దది చేసి అందరినీ అదిలించే మనిషి, ఆ ఒక్క విషయంలో గొంతే ఎత్తలేదు.

తాండూరుకు సర్కారు వ్యాను ఇప్పటికీ రాలేదు. అర్జీలు పోతూనే ఉన్నాయి. ఆ పాత వ్యానే మోస్తోంది.

నేను చేరేసరికి పాడె కట్టారు. మరిది వచ్చాడు. విరిగి అతికిన భుజంతో పాడె ఎత్తలేక, వెనక నడిచాడు. మాణిక్యం ఎడమచేత్తో పట్టి ముందు మోశాడు. ఊరు దాటాక దారికి రెండు పక్కలా అమ్మకానికి పేర్చిన బండల గోడలు, నడుమ ఒక బండి పట్టేంత తోవ. ఎదురుగా వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు మోత మోగించలేదు. చేతులు స్టీరింగు మీద పెట్టి మమ్మల్నే చూస్తున్నాడు. అంత పెద్దమనిషి పోతుంటే కాసేపు ఆగుతుందిలే అని సేట్లెవరో అన్నారు. పాడెను పక్కకు జరపడం అరిష్టమని ఇంకెవరో అన్నారు.

"జరుగున్రి," అన్నాడు మాణిక్యం.

పాడెను బండల గోడలకు ఆనించి, మేమంతా ఒంటికి ఒళ్ళు అదుముకొని నిలబడ్డాం. వ్యాను మమ్మల్ని రాసుకుంటూ పోయింది. వెనక తలుపు సరిగ్గా పడలేదు. లోపల ఎవరివో రెండు పాదాలు, వాటిని ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలాయన. ఆయన మా వైపు చూడనైనా లేదు. వ్యాను లేపిన తెల్లటి రాతిదుమ్ము కాసేపు గాలిలో నిలిచి, మెల్లగా దిగి, పూల మీద, మాణిక్యం ఒంటిచేతి మీద, అత్తమ్మ మూసిన కళ్ళ మీద పడింది. ఎవరూ తుడవలేదు.